నున్నటి పిడి

తలుపు మీద ఆ బొమ్మ ఉండనే ఉంది. ఎర్రటి గుండ్రం, మధ్యలో నల్లటి తుపాకీ, దాని మీదుగా ఏటవాలుగా ఎర్ర గీత. అంటించినవాడెవడో వంకరగా అంటించాడు, తుపాకీ మూతి నేల వైపు వాలిపోయింది, ఆ వంకర బొమ్మ ఉన్న అద్దం తలుపు తోసుకుని ఆర్విడ్ లోపలికి వెళ్లి ఎంతసేపయిందో ట్వైలాకి తెలియదు, తెలియకూడదనే ఆమె ట్రక్కులోని గడియారం వైపు చూడటం లేదు, గాలి మాత్రం ట్రక్కుని పక్కనించి తోస్తూనే ఉంది, కాన్సస్ గాలికి వేరే పని లేదు, జొన్న కోతలైపోయిన చేల మీది దుమ్మంతా మోసుకొచ్చి ఈ ఆసుపత్రి ముందు నిలబెట్టిన కార్ల మీద పోస్తోంది. నువ్వు ఇక్కడే కూర్చో, ఎంతోసేపు పట్టదు అన్నాడు ఆర్విడ్, టోపీ సర్దుకుంటూ, ఆమె మొహం వైపు చూడకుండా. ఫోన్‌లో ఆ నర్సు అలా అనలేదు. ఫోనెత్తింది ట్వైలానే. ఊపిరితిత్తిలో కనిపించిన నీడ గురించి డాక్టరుగారు స్వయంగా మాట్లాడతారు, వచ్చేటప్పుడు ఎవరినైనా తోడు తెచ్చుకోమనండి అంది నర్సు, ఎంతో మెత్తగా, అంత మెత్తగా మాట్లాడితేనే మనిషికి గుండె జారిపోతుంది. తోడంటే ఇంకెవరు, నలభై ఏళ్లనాటి పెళ్లాం బతికుండగా. ఆ తోడు ఇదిగో ట్రక్కులో కూర్చుని ఉంది, కోటు కుడి జేబులో చెయ్యి పెట్టుకుని, ఆ జేబులో తోలు ఒర, ఒరలో ఐదు తూటాల చిన్న రివాల్వర్. బొమ్మ ఉంది కనక అది లోపలికి పోకూడదు, అది పోకూడదు కనక ఈమె పోదు. ఇన్నేళ్లుగా ఇదే వరస, ఆర్విడ్ అడగడం కూడా ఎప్పుడో మానేశాడు.

చెయ్యి దానంతటదే పిడిని వెతుక్కుంటుంది. బొటనవేలు మొదట్లో ఉబ్బెత్తు ఎక్కడుందో, చిటికెన వేలు ఒదిగే గాడి ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలుసు, పెళ్లి ఉంగరం ఎక్కడుందో తెలిసినట్టే. మొదట్లో ఇలా ఉండేది కాదు. మొదట్లో దాని పిడి ఎంత చిన్నదంటే రెండు వేళ్లు పట్టేవి, మూడోది గాల్లో వేలాడేది. చిన్న చెయ్యికి చిన్న తుపాకీ తల్లీ, అన్నాడు ఆయుధాల దుకాణంలో డ్వేన్, పళ్లన్నీ బయటపెట్టి, చెప్పుల జత అమ్మినంత తేలిగ్గా, అది ఎంత చిన్నదైతే అంత గట్టిగా తంతుందని మాత్రం చెప్పలేదు. ఊరి బయట గోతిలో డబ్బాలు నిలబెట్టి మొదటిసారి పేల్చినప్పుడు ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కమ్మీ వెనక్కొచ్చి మధ్యవేలి కణుపు మీద కొట్టింది, చర్మం లేచిపోయింది, ఆర్విడ్ పరిగెత్తుకొచ్చాడు, ఆమె ఏడవలేదు, ఇంకోసారి పేల్చింది, ఇంకోసారి కొట్టింది. ఆ నొప్పి ఆమెకి నచ్చింది, ఎవరికీ చెప్పలేదు గాని నిజంగానే నచ్చింది. ఎందుకంటే అంతకు కొన్నాళ్ల ముందు నాణేలు వేస్తే తిరిగే వాషింగ్ మెషీన్ల దుకాణం ఒకటి నడిపేది ఆమె, ఒకరోజు మూసే వేళకి ఎవడో వెనక తలుపులోంచి వచ్చాడు, అడుగుల చప్పుడైనా లేదు, మెడ వెనక పట్టుకుని ఆమె మొహాన్ని డ్రయ్యర్ అద్దానికి అదిమాడు, అద్దం వెనక ఎవరివో దుప్పట్లు తిరుగుతున్నాయి, తెల్లవీ నీలంవీ, వేడి అద్దం చెంపకి అంటుకుపోయింది, వాడు ఏం కావాలో కూడా చెప్పలేదు, ఎవరో కారు ఆపిన చప్పుడుకి వదిలేసి పోయాడు. వాడు దొరకలేదు. దొరక్కపోవడం వల్ల వాడు ఎక్కడైనా ఉండొచ్చు అన్నమాట, ఏ తలుపు వెనకైనా, ఆ తర్వాత ట్వైలా ఏ గదిలోనూ తలుపుకి వీపు పెట్టి కూర్చోలేదు.

ఆ చిన్న పిడి తీసేసి రబ్బరుది బిగించింది ఆర్విడే, ఒక్క మర, ఒక్క నిమిషం పని. రబ్బరు పిడి లావుగా, మొద్దుగా ఉండేది, మూడు వేళ్లూ పట్టేవి, కమ్మీకీ వేలికీ మధ్య ఖాళీ పూడిపోయింది, పేలిస్తే తన్నేది కాదు, ఎవరో అరచేతిని గట్టిగా తోసినట్టుండేది అంతే. ఆ రబ్బరు పిడితో ఎన్ని ఏళ్లో గడిచిపోయాయి. దాంట్లో ఒకటే తంటా, రబ్బరుకి గుడ్డంటే మహా ప్రేమ, జేబులోంచి లాగితే లోపలి గుడ్డంతా పట్టుకుని వచ్చేది, నూలు పోగులూ ధూళీ చిల్లర కాగితం ముక్కలూ అన్నీ అంటుకునేవి, లాగడానికి ఒకసారి తంటాలు, మళ్లీ విదిలించడానికి ఇంకోసారి, అత్యవసరమొస్తే ముందు జేబు చచ్చిపోతుంది అని ఆర్విడ్ ఎగతాళి చేసేవాడు. అయినా అది జేబులో ఉంటే చాలు. అది జేబులో ఉండాలంటే కొన్ని చోట్లకి పోకూడదు, పోస్టాఫీసు లోపలికి పోకూడదు, కోర్టుకి పోకూడదు, బడికి పోకూడదు. మనవరాలు బడిలో పాట పాడిన రోజు ఆమె బయట ట్రక్కులోనే కూర్చుంది, కిటికీ దించుకుని, గాలి అనుకూలిస్తే పియానో కొంచెం వినిపించింది, పిల్లల గొంతులన్నీ కలిసిపోయి మనవరాలి గొంతు ఏదో తెలియలేదు, ఏదో ఒకటి అనుకుని విన్నది. గుంపులు నాకు పడవు అని చెప్పింది కూతురితో. జనెల్ నడుము మీద చేతులు పెట్టుకుని, అమ్మా, నాన్న కంటే ఆ ట్రక్కుతోనే నువ్వు ఎక్కువ కాపురం చేశావు అంది, అందరూ నవ్వారు, ట్వైలా కూడా నవ్వింది, మనవరాలు మాత్రం నవ్వకుండా అమ్మమ్మ జేబు వైపు చూసింది. ఆ చూపు ఇప్పుడెందుకు గుర్తొస్తోంది.

ఆర్విడ్ ఇప్పుడు ఏ కుర్చీలో కూర్చున్నాడో. ఇలాంటిచోట్ల మూలకి పోయి కూర్చుంటాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుంటాడు, పాత వ్యవసాయం పత్రికేదో తీసి తిప్పుతాడు గాని చదవడు, ఎవరైనా పలకరిస్తే వానల సంగతి మాట్లాడతాడు. మూతి దగ్గర చేతిరుమాలు పెట్టుకుని దగ్గుతాడు. దగ్గు అనుకోగానే ట్వైలా చెయ్యి పిడి మీద బిగిసింది, బొటనవేలి మొదట్లో నొప్పి లేచింది, ఈ నొప్పే అన్నిటికీ మూలం, ఈ కీళ్ల నొప్పి రాకపోతే రబ్బరు పిడితోనే బతుకు వెళ్లిపోయేది. రెండు శీతాకాలాల కింద సీసా మూత తిప్పలేకపోయింది, తర్వాత తాళం చెవి, ఆ తర్వాత ఒకరోజు జేబులోంచి రివాల్వర్ లాగబోతే రబ్బరు గుడ్డకి అతుక్కుపోయి, వేలు కలుక్కుమని, చెయ్యి అలాగే జేబులో ఇరుక్కుపోయింది, అద్దంలో తన్ను తాను చూసుకుంటే జేబుదొంగ దొరికిపోయినట్టుంది. నవ్వొచ్చి, వెంటనే ఏడుపొచ్చింది. అప్పుడే ఆర్విడ్ అన్నాడు, నీ చేతికి నేను చేస్తాను పిడి, డ్వేన్ దుకాణంలో దొరికేది ఊళ్లో అందరి చేతికీను, ఇది నీ ఒక్కదాని చేతికి.

కిటికీ అద్దాలు బిగించే పుట్టీ ముద్ద తెచ్చి పట్టుకోమన్నాడు. గట్టిగా కాదు, నా చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకో అన్నాడు, ముసలోడికి సరసాలు వస్తున్నాయే అంది ఆమె. పుట్టీలో ఆమె వేళ్ల గుంటలు పడ్డాయి, దాన్ని ఆరబెట్టి, ముందు పెట్టుకుని, పాత కంచె గుంజల్లోంచి ఒసేజ్ అనే చెట్టు చెక్క కోసుకొచ్చాడు, ఆ చెక్క కోస్తే లోపల పసుపుపచ్చగా ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ తేనె రంగుకి తిరుగుతుంది, ఆకురాయి కూడా అరిగిపోయేంత గట్టిది. శీతాకాలమంతా గరాజ్‌లో అదే పని, రేడియో పెట్టుకుని, పసుపు పొడి జుట్టు మీదా కనుబొమల మీదా, రోజుకో వెంట్రుక మందం తీసేవాడు, లోపలికొచ్చి పట్టుకుని చూడమనేవాడు, ఇక్కడ నొక్కుతోందా, ఇక్కడ ఖాళీ ఉందా అని అడిగేవాడు, పెళ్లైన కొత్తలో కూడా ఆమె చేతిని అంత శ్రద్ధగా పట్టుకుని చూడలేదు. బొటనవేలి కింద కొంచెం లావు ఉంచాడు, అడుగున సన్నం చేశాడు, అంచులన్నీ గుండ్రంగా తోశాడు, జేబు గుడ్డకి ఎక్కడా తగలకూడదని. తర్వాత నూనె. ఒక పూత పూసి, ఆరనిచ్చి, అరచేత్తో రుద్ది, ఇంకో పూత, ఇంకో పూత, ఆఖరికి సబ్బు ముక్కలా జారిపోయేది చేతిలో. ఖాళీ రివాల్వర్‌తో పడకగదిలో నిలబడి జేబులోంచి తీసి చూసింది, చెయ్యి పెట్టడమే తెలుసు, తీయడం తెలియలేదు, చేతిలో ఉంది. ఆర్విడ్ మంచం మీద కూర్చుని పిల్లాడిలా మురిసిపోయాడు. ఇన్నేళ్ల వాడకంలో ట్రిగ్గర్ కూడా అరిగి నున్నబడిపోయింది, మొదట్లో రెండు చేతులు పెట్టి నొక్కాలనిపించేది ఇప్పుడు వెన్నలో వేలు పెట్టినట్టు పోతోంది, అంతా నున్నగా, ఎక్కడా అడ్డనేదే లేకుండా. ఆ మాట అనుకోగానే ఆమె ఎప్పుడో మూసుకుపోయిన కళ్లు తెరిచింది.

ఆక్సిజన్ సిలిండర్ ఈడ్చుకుంటూ ఒకావిడ తలుపు దగ్గరికి వస్తోంది, పక్కన కొడుకు కాబోలు, తలుపు పట్టుకున్నాడు, ఆ తలుపు మీది బొమ్మని వాళ్లు చూడను కూడా చూడలేదు. చూడక్కర్లేని వాళ్లు లోకంలో ఎంతమందో. తలుపు మూసుకుంది. గాలి మళ్లీ తోసింది. ఆ రోజు కూడా ఇలాంటి గాలే, అందుకే ట్రక్కు చప్పుడు వినపడలేదు. వద్దు, అది వద్దు, వంటిల్లు వద్దు, అనుకుంది గాని ఆ వంటిల్లు ఆమె వద్దంటే ఆగేది కాదు.

అప్పుడే నేల తుడిచింది. కుళాయి దగ్గర బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది, ఇంట్లో వేసుకునే ఉన్ని కోటు, కుడి జేబులో ఎప్పటి బరువే. గాలికి కిటికీలు మూలుగుతున్నాయి. ఆర్విడ్ ఎప్పుడూ గరాజ్ వైపు నుంచి వస్తాడు, బూట్లు టకటకలాడిస్తూ, తలుపు ధడాలున వేస్తూ, ఏమే ఏముంది తినడానికి అని అరుస్తూ. నలభై ఏళ్లుగా ఆ చప్పుడుకి అలవాటుపడింది ఆమె, ఆ చప్పుడు మీద విసుక్కుంది కూడా, గోడలు కూల్చేస్తావా అని. ఆ రోజు వెనక తలుపులోంచి వచ్చాడు. నేలకి పరిచిన చెక్క ఒకటి కిర్రుమంది, ఆమె వెనక, బాగా దగ్గరగా. కత్తీ దుంపా ఎప్పుడు కిందపడ్డాయో తెలియదు. తిరిగింది. తిరగడం తెలుసు, తీయడం తెలియదు, చేతిలో ఉంది, నున్నగా, అడ్డం లేకుండా, ఎదురుగా ఒక ఛాతీ, గళ్ల చొక్కా, ఆ చొక్కా పైన ఒక మొహం, ఆ మొహం ఎవరిదో తెలియడానికి పట్టినంతసేపు ఆమె జీవితంలో ఇంకేదీ పట్టలేదు. ఆర్విడ్. మేజోళ్లతో నిలబడి ఉన్నాడు, బూట్లు రెండూ ఒక చేతిలో, చిన్న పిల్లాడు ఆలస్యంగా ఇంటికొచ్చినట్టు. కదల్లేదు. బూట్లు కొంచెం పైకెత్తి చూపించాడు.

"నేల తడిగా ఉందని," అన్నాడు.

అంతే అన్నాడు. పాత పేపరు పరిచి దాని మీద బూట్లు పెట్టాడు, ఒకటి పడిపోతే మళ్లీ నిలబెట్టాడు. ఆమె తుపాకీ జేబులో పెట్టింది, వంగి దుంప తీసింది, కడిగింది. దుంపలు వేయించింది, తిన్నారు, ఉప్పు తక్కువైందని ఇద్దరికీ తెలుసు, ఎవరూ అనలేదు. ఆయన నిద్రపోయాక స్నానాల గదిలో తలుపు వేసుకుని రివాల్వర్ తీసి చూసింది. వేలు ట్రిగ్గర్ మీద ఉందా లేదా అన్నది ఆమెకి గుర్తులేదు, ఎంత తవ్వినా గుర్తు రాలేదు, కాని ఈ రకం తుపాకీ అబద్ధం చెప్పదు, ట్రిగ్గర్ నొక్కడం మొదలైతే తూటాల చక్రం తిరగడం మొదలవుతుంది, సగంలో వదిలేస్తే ఒక్కోసారి చక్రం రెండు తూటాల మధ్య ఆగిపోతుంది. మధ్యలో ఆగి ఉంది. అటూ కాదు, ఇటూ కాదు. స్నానపు తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది, బొటనవేలితో చక్రాన్ని మెల్లగా తోస్తే టిక్కుమని దాని చోట్లో పడింది, ఆ టిక్కు చెవిలోంచి ఇప్పటికీ పోలేదు. ఆ చక్రం ముందు నుంచి చూస్తే తూటాల మూతులు కనిపిస్తాయి. ఎదురుగా నిలబడ్డవాడికి అవి తిరగడం కూడా కనిపిస్తుంది. ఆర్విడ్ కళ్లకి బాగా ఆనుతుంది, దూరపు చేలో లేడి పిల్లని చూపిస్తాడు.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను. అప్పట్నుంచి ఇంట్లో మాటలన్నీ మామూలే, కాఫీ అయిందా, జనెల్ ఫోన్ చేసిందా, గాలి తగ్గేలా లేదు. ఒక్కటే మారింది. ఇప్పుడు ఏ తలుపులోంచి వచ్చినా ముందు బయట నిలబడి దగ్గుతున్నాడు. నేనొస్తున్నాను అన్నట్టు, ఒకసారి, ఆగి ఇంకోసారి. స్నానాల గదిలోంచి వస్తున్నా దగ్గుతున్నాడు. సొంత ఇంట్లో, తను పరిచిన నేల మీద. మొదట దగ్గు విన్నప్పుడల్లా ట్వైలాకి సిగ్గుతో ఒళ్లు కాలిపోయేది, నన్ను చూసి భయపడుతున్నాడు, పక్క మీద నాకు వీపు పెట్టి ఎలా పడుకుంటున్నాడో అని. తర్వాత అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. ఆ దగ్గుల్లో ఏది ఆమె కోసం దగ్గేది, ఏది ఆ నీడ దగ్గించేది? తెలియడం లేదు. వరండాలో దగ్గు వినపడితే కుళాయి కట్టేసి నిలబడి వింటుంది, నలభై ఏళ్లు పక్కన పడుకున్న మనిషి దగ్గు గుర్తుపట్టలేకపోతోంది. అందులో జబ్బు ఎంతో తెలియాలంటే ముందు తన భయం అందులోంచి తీసేయాలి. ఇక్కడ కూర్చో అన్నాడే ఇందాక, అది ఎప్పటి అలవాటు కొద్దీ అన్నదా, లేక ఆ జేబుతో నా పక్కకి రాకు అని అన్నదా? ఏదైనా సరే, లోపల డాక్టరు నోరు తెరిచే వేళకి ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. పియానో అయినా వినిపించింది ఆ రోజు. ఇక్కడ కిటికీ దించినా ఏమీ వినపడదు.

చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది, రివాల్వర్‌తో. ఒడిలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా కోటు అంచు కప్పి, చక్రం పక్కకి తోసి తూటాలు అరచేతిలోకి ఒంపుకుంది, అవి ఆమె ఒంటి వేడితో వెచ్చగా ఉన్నాయి, వాటిని రుమాలులో మూటకట్టి సీటుకి ఎదురుగా ఉన్న గ్లవ్ పెట్టెలో పెట్టింది. సీటు కింద ఇనప పెట్టె ఉంది, ఆర్విడ్ ఎప్పుడో మరలతో బిగించాడు, ఇలాంటి చోట్లకి వచ్చినప్పుడు ఇందులో పెట్టి రావే అని, పట్టుకుంటే ఊడొచ్చేలా ఉంది నీ పెట్టె అని ఆమె ఒక్కరోజూ వాడలేదు. ఇప్పుడు అందులో పెట్టబోయి ఆగింది. పెట్టి వెళ్తుంది సరే, వచ్చాక మళ్లీ తీస్తుంది, మళ్లీ జేబులో పడుతుంది, చెయ్యి మళ్లీ వెతుక్కుంటుంది, వరండాలో ఆ దగ్గు మళ్లీ మొదలు. ఆర్విడ్ స్క్రూడ్రైవర్ ఎప్పటిలాగే అద్దం కింద పళ్లెంలో పడి ఉంది. ఒక్క మర. బొటనవేలు నొప్పితో మొరాయించింది, రెండు చేతులతో తిప్పింది, మర వదులై, చెక్క పిడి రెండుగా విడిపోయి ఒళ్లో పడింది, తేనె రంగుకి తిరిగిన రెండు చెక్కలు, లోపలి వైపు మాత్రం ఇంకా పసుపు, కొత్తగా కోసినట్టే. పిడి పోయాక మిగిలింది చూస్తే జాలేసింది, సన్నటి ఇనప ఎముక, అందులో ఒక స్ప్రింగు, పట్టుకుంటే గుచ్చుకునేదే తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లూ తను పట్టుకున్నది దీన్నా. పెట్టెలో పెట్టి తాళం వేసింది. చెక్కలు రెండూ కోటు జేబులో వేసుకుని, ఇంకో ఆలోచన రాకముందే ట్రక్కు తలుపు తెరిచింది, గాలి తలుపుని చేతిలోంచి లాక్కుంది.

నడుస్తుంటే కోటు ఒక పక్కకి లాగడం లేదు, ఎప్పుడూ కుడివైపు వంగి నడిచే మనిషి ఇప్పుడు ఎడమకి ఒరిగిపోతున్నట్టుంది, కాలు ఎక్కడ వేయాలో తెలియడం లేదు. అద్దం తలుపు దగ్గర ఆ వంకర బొమ్మ ఆమె మొహం ఎత్తున ఉంది. తోసింది. లోపల వెచ్చగా, ఫినాయిల్ వాసన, అన్ని కుర్చీలూ తలుపుకి వీపు పెట్టి ఉన్నాయి, ఎవరు చేశారో ఈ ఏర్పాటు, బుద్ధి లేనివాడు. మెడ వెనక చర్మం బిగిసింది, ఎవడో పొడుగాటి మనిషి నీళ్ల సీసా కోసం ఆమె పక్కనించి వెళ్తుంటే చెయ్యి జేబులోకి దూకింది, చెక్కలు రెండూ ఒకదానికొకటి తగిలి టిక్కుమన్నాయి. ఆర్విడ్ మూలన ఉన్నాడు. టోపీ మోకాలి మీద లేదు, పక్క కుర్చీలో ఉంది, ఎవరూ కూర్చోకుండా పెట్టినట్టు. దగ్గరికొచ్చిన ఆమెని చూసి టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె కూర్చుంది, తలుపుకి వీపు పెట్టి. ఆయన కళ్లు ఆమె కుడి జేబు మీదికి పోయి వచ్చాయి. పెట్టెలో పెట్టావా అని అడిగాడు, పెట్టానంది, ఊడొచ్చే పెట్టెలోనా అన్నాడు, అవును అంది. ఆ తర్వాత ఆమె జేబులోంచి చెక్కలు రెండూ తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వాటిని తిప్పి చూశాడు, బొటనవేలితో తడిమాడు, ఉబ్బెత్తు దగ్గర కాసేపు ఆగాడు, అంగడిలో పండు చూసినట్టు చూస్తున్నాడు, ఈయనకి ఇప్పుడు కూడా పనితనమే కావాలా అనుకుంది ఆమె.

"ఆఖరి పూత పూయకుండా ఉండాల్సింది," అన్నాడు ఆర్విడ్, మెల్లగా. "మరీ నున్నగా చేసేశాను. కాస్త గరుకు ఉంచుంటే జేబుకి పట్టుకునేది. నీకు ఒక్క క్షణం దొరికేది. రుద్దుతున్నప్పుడే నాకు అనిపించింది ట్వైలా, చూడ్డానికి బాగుంది కదా అని వదిలేశాను. రోజూ అదే అనుకుంటున్నాను, నీతో ఎలా చెప్పాలా అని."

ఆమెకి ఆ మాటలు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. ఇన్నాళ్లూ ఆయన మౌనం నిండా తన మీద భయమే ఉందనుకుంది, అందులో నూనె పూత ఉందని ఎలా తెలుస్తుంది ఎవరికైనా. నవ్వాలో ఏడవాలో తెలియక ఆయన టోపీ అంచు పట్టుకుంది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననుకుంది.

"నువ్వు చూశావా, చక్రం?"

"చూశాను. తిరగడం చూశాను." ఆయన చెక్కల్ని మూసిన గుప్పిట్లో పెట్టుకున్నాడు. "ఆగడం కూడా చూశాను. ఆపింది నువ్వే కదా."

"నేనే ఆపానో లేదో నాకు తెలియదు ఆర్విడ్."

నువ్వేనని ఆయన ఒట్టేసి చెప్పినా ఆమె నమ్మేది కాదు. భయమేసింది నాకు, ఇప్పటికీ వేస్తోంది, కాని అది నీ గురించి కాదులే అన్నాడు, అద్దం వెనక నర్సులు తిరుగుతున్న వైపు చూస్తూ, అని చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. ఇక్కడ తలుపు లేదు, దాటాల్సిన గడప లేదు, ఎవరికీ తెలియజేయాల్సింది లేదు. ఆ దగ్గు ఎక్కడో అడుగు నుంచి, పాత మోటారు పట్టుకోక పట్టుకోక లాగినట్టు వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది. ట్వైలా మొట్టమొదటిసారి దాన్ని దానిగా విన్నది. అది చాలా పెద్దది. అప్పుడే నర్సు కాగితాలు బిగించిన పలక పట్టుకుని వచ్చి లిండాల్ గారూ అని ఇంటిపేరుతో పిలిచింది, ఫోన్‌లో విన్న అదే మెత్తటి గొంతు.

ఆర్విడ్ లేచి, ఒక చెక్క తన చొక్కా జేబులో వేసుకున్నాడు, రెండోది ఆమె చేతిలో పెట్టాడు. ఒక్కటి బిగిస్తే పిడి కాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇంట్లో వంటింటి సొరుగులో, కొవ్వొత్తుల కింద, పాత రబ్బరు పిడి ఉందని కూడా ఇద్దరికీ తెలుసు, అది బిగించడానికి ఒక్క నిమిషం చాలు. ఆమె జేబులో చెయ్యి పెట్టుకుంది, సగం చెక్క అరచేతికి ఆనలేదు, వేళ్లు ఎక్కడ పట్టుకోవాలో తెలియక తడుముకున్నాయి, రెండో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది. నర్సు వాళ్లిద్దరి వైపూ చూసి, ఇద్దరూ వస్తున్నారా అని అడిగింది.

"ఇద్దరం," అంది ట్వైలా, ఆయన నోరు తెరవకముందే.